కుదుపు లేకుండా గేర్ల కారు నడపడం ఎలా? ఎడమ కాలి నుంచి మొదలుపెడదాం

డ్రైవింగ్ స్కూలుకి వెళ్లారు. లైసెన్సు చేతికొచ్చింది. సొంత కారు తీసి వీధి చివరి దాకా వెళ్లేసరికి రెండుసార్లు ఆగిపోయింది, మూడోసారి కప్పలా ఎగిరింది. వెనక సీట్లో అత్తగారు ముందు సీటు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. ఇలాంటి కథ నాకు నెలకి ఇద్దరు ముగ్గురైనా చెబుతారు. చివర్లో ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "స్కూలు కారు బాగానే నడిపాను కదా, మా కారు ఎందుకు ఇలా కుదుపుతోంది?"

ఎందుకంటే స్కూలు కారులో పక్కన కూర్చున్న మాస్టారి కాళ్ల దగ్గర కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి. మీరు తప్పు చేసే క్షణానికి ఆయన క్లచ్ తొక్కేస్తారు. బండి ఆగదు, మీకు తప్పు తెలియదు. నేను నేర్చుకున్న చోట కూడా అదే జరిగింది. ఇరవై రోజుల తర్వాత తెలిసింది, స్టీరింగ్ తిప్పడం నేర్చుకున్నాను గానీ క్లచ్ వదలడం నేర్చుకోలేదని. ఆ తర్వాత మా ఆడపడుచుకి, ఇద్దరు పక్కింటివాళ్లకి, అక్క కొడుక్కి నేర్పాను. నలుగురికీ నేర్పాల్సి వచ్చింది ముఖ్యంగా ఒకటే: ఎడమ పాదం పైకి వచ్చేటప్పుడు మధ్యలో ఎక్కడ ఆగాలి, ఎంతసేపు ఆగాలి అని. గేర్లు మార్చడం, ఆపడం, అప్ ఎక్కడం, అన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

మన విశాఖలో ఇది మరీ అవసరం. ఊరంతా ఎత్తుపల్లాలే. పాండురంగాపురం డౌన్ దిగితే బీచ్ రోడ్డు, తిరిగి రావాలంటే ఎక్కాలి. మధురవాడ వెళ్లాలంటే ఎండాడ దగ్గర అప్. సమతలంగా ఉన్న ఊళ్లో నేర్చుకున్నవాళ్లకి ఏడాది తర్వాత ఎదురయ్యే సమస్య మనకి మొదటి వారమే ఎదురవుతుంది.

ఏమేం కావాలి

పక్కా లైసెన్సు ఇంకా రానివాళ్లకి లెర్నర్ లైసెన్సు తప్పనిసరి. 18 ఏళ్లు నిండాలి. అది 6 నెలలు చెల్లుతుంది, తీసుకున్న 30 రోజుల తర్వాతే పక్కా లైసెన్సు పరీక్షకి వెళ్లగలరు. కాబట్టి తొందర లేదు, ఆ నెల రోజులూ వాడుకోండి. కారుకి ముందూ వెనకా తెల్ల పలక మీద ఎర్ర 'ఎల్' బోర్డు పెట్టండి. చట్టం అడిగినందుకే కాదు, వెనక వచ్చే ఆటో అతను కాస్త దూరం పాటిస్తాడు.

పక్కన లైసెన్సు ఉన్న మనిషి ఉండాలి. ఇది కూడా చట్టమే. ఆ మనిషి ఎవరన్నది కారు కంటే ముఖ్యం. భర్త అయినా, నాన్న అయినా, తమ్ముడైనా వారికి రెండు నియమాలు ముందే చెప్పండి. ఒకటి, బండి కదులుతున్నప్పుడు "ఆపు" తప్ప ఇంకేదీ గట్టిగా అనకూడదు. తప్పులేమిటో బండి ఆగాక చెప్పాలి. రెండు, ఎడమ పక్క కూర్చున్నవారి కుడి చెయ్యి హ్యాండ్ బ్రేక్ దగ్గరే ఉండాలి. అరిస్తే నేర్చుకునేవాళ్ల కాలు బిగుసుకుపోతుంది. బిగుసుకున్న కాలు క్లచ్‌ని ఒక్కసారిగా వదిలేస్తుంది. మళ్లీ కుదుపు, మళ్లీ అరుపు. మా ఆడపడుచు వాళ్లాయన దగ్గర రెండు నెలల్లో రానిది నా పక్కన నాలుగు ఆదివారాల్లో వచ్చిందంటే, నేను ఆయన కంటే బాగా నడుపుతానని కాదు, నేను అరవలేదు, అంతే.

చెప్పులు వద్దు. హవాయి చెప్పు క్లచ్ కింద ఇరుక్కుంటుంది, మన ఊరి ఉక్కపోతకి తడిసిన కాలు అందులో జారుతుంది. మందమైన అడుగున్న స్పోర్ట్స్ బూట్లతో పెడల్ సరిగా తెలియదు. పల్చటి అడుగుతో కాలికి అంటిపెట్టుకుని ఉండే బూట్లు మంచివి. చీరతో నడిపేవాళ్లు కుచ్చిళ్లు పెడళ్ల మీద పడకుండా చూసుకోండి.

చోటు గురించి. ఆదివారం పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది మధ్య ఎంవీపీ కాలనీ సెక్టార్ల లోపలి రోడ్లు బాగుంటాయి. మధురవాడ, పీఎం పాలెం వైపు ఇంకా ఇళ్లు నిండని లేఅవుట్లు ఇంకా బాగుంటాయి. గాజువాక, కాన్వెంట్ జంక్షన్ వైపు పోర్టు లారీలు, ట్రైలర్లు తిరుగుతాయి, మొదటి నెల అటు పోవద్దు. ఆర్కే బీచ్ దగ్గర జనం ఎప్పుడు రోడ్డు దాటుతారో చెప్పలేం. భీమిలి బీచ్ రోడ్డు చూడ్డానికి ఖాళీగా ఉంటుంది కానీ సెలవు రోజుల్లో కుర్రాళ్లు బైకుల మీద దూసుకొస్తారు. అది రెండో నెలకి ఉంచుకోండి.

1. కదలని కారులో పావుగంట

ఇంజన్ ఆపే ఉంచండి. క్లచ్‌ని నేల దాకా తొక్కండి. అలా తొక్కినప్పుడు మోకాలు కొంచెం వంగి ఉండాలి. కాలు పూర్తిగా చాచుకుపోతే సీటు ముందుకి లాగండి. పొట్టిగా ఉన్నవాళ్లు సిగ్గుపడి సీటు వెనక్కే ఉంచుకుంటారు. పాదం అందకపోతే క్లచ్ సగమే తొక్కుతారు, గేరు కరకరమంటుంది. ఆ తర్వాత వీపు సీటుకి ఆనించి చెయ్యి చాస్తే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద ఆనాలి.

కుడి మడమ బ్రేకు ముందు నేల మీద ఆనించి, వేళ్ల వైపు మాత్రమే రేజ్ (యాక్సిలరేటర్) మీదకి తిప్పాలి. ఎడమ కాలు క్లచ్‌కే. ఎడమ కాలితో బ్రేకు ఎప్పుడూ తొక్కకూడదు.

ఇప్పుడు క్లచ్ తొక్కి ఉంచి గేర్లు వేయండి, కళ్లు మూసుకుని. ఫస్ట్, సెకండ్‌లకి అరచేతిని పక్క సీటు వైపు నెట్టుతూ వేయాలి. థర్డ్, ఫోర్త్‌లకి పక్కకి ఏమీ నెట్టకూడదు. న్యూట్రల్‌లోకి తెచ్చి వదిలితే గేరు రాడ్డు తనంతట తానే మధ్యకి వస్తుంది, అక్కణ్ణుంచి నేరుగా పైకి తోస్తే థర్డ్, కిందకి లాగితే ఫోర్త్. ఫిఫ్త్‌కి మీ వైపు లాక్కోవాలి. రాడ్డుని పిడికిలి బిగించి పట్టుకుంటే థర్డ్ అనుకుని ఫస్ట్‌లోకో ఫిఫ్త్‌లోకో పడుతుంది. రివర్స్ కారుని బట్టి మారుతుంది. కొన్నింట్లో ఎడమ పైన, కొన్నింట్లో కుడి కింద, కొన్నింటికి రాడ్డు మీద రింగు పైకి లాగాలి. రాడ్డు తల మీద బొమ్మ ఉంటుంది, చూసి గుర్తుపెట్టుకోండి.

2. పట్టు ఎక్కడుందో కనుక్కోవడం

ఈ మెట్టుని ఎవరూ సీరియస్‌గా తీసుకోరు. దయచేసి తీసుకోండి. ఒక పొద్దుట మొత్తం దీనికే ఇవ్వండి.

క్లచ్ తొక్కితే ఇంజను, చక్రాలు విడిపోతాయి. వదులుతుంటే ఒకచోట రెండూ రాసుకోవడం మొదలుపెడతాయి. డ్రైవర్లు హాఫ్ క్లచ్ అంటారు, నేను 'పట్టు' అంటాను. పెడల్ మొత్తం ప్రయాణంలో ఇది రెండు వేళ్ల మందమంతే ఉంటుంది. దాని కింద ఎంత వేగంగా వదిలినా ఏమీ కాదు. దాని పైన కూడా ఏమీ కాదు. ఆ రెండు వేళ్ల మందంలోనే కుదుపంతా ఉంది.

సమతలంగా ఉన్న చోట ఇంజను ఆన్ చేసి, కుడి కాలితో బ్రేకు తొక్కి, క్లచ్ తొక్కి ఫస్ట్ గేరు వేయండి. ఏసీ, పాటలు, ఫ్యాను ఆపేయండి. అద్దాలు కొంచెం దించండి. ఇప్పుడు క్లచ్‌ని మెల్లగా పైకి రానివ్వండి. ఒకచోట ఇంజను గొంతు మారుతుంది, బరువు ఎత్తుకున్న మనిషి గొంతులా కాస్త దిగుతుంది. బానెట్ రవ్వంత పైకి లేస్తుంది. సీటులో సన్నటి వణుకు తెలుస్తుంది. అదే పట్టు. మడమ నేలకి ఆనించి పాదాన్ని అక్కడే ఒక్క క్షణం ఆపి, మళ్లీ కిందకి తొక్కేయండి. ఇంజను ఆగిపోతే ఏమీ నష్టం లేదు, మళ్లీ స్టార్ట్ చేయండి.

ఇరవైసార్లు చేయండి. ఐదేసిసార్లకి ఒక నిమిషం న్యూట్రల్‌లో వదిలేయండి, క్లచ్ చల్లబడాలి. పట్టు దగ్గర రెండు సెకన్లకి మించి ఆపవద్దు.

ఎలా తెలుసుకోవాలి: కళ్లు మూసుకుని, బండి ఆగిపోకుండా, పదిసార్లలో తొమ్మిదిసార్లు పట్టు దగ్గర పాదం ఆపగలిగితే మూడో మెట్టుకి వెళ్లండి. లేకపోతే రేపు మళ్లీ ఇదే.

3. రేజ్ ముట్టకుండా కదలడం, నిమ్మకాయ పరీక్ష

సమతలంలో చాలా కార్లు రేజ్ లేకుండా క్లచ్‌తోనే కదులుతాయి. డీజిల్ కార్లు ఇంకా తేలిగ్గా కదులుతాయి. బ్రేకు మీద నుంచి కాలు తీసి, క్లచ్‌ని పట్టు దాకా తెచ్చి, బండి కదలగానే పాదాన్ని అక్కడే ఆపండి. తప్పు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. బండి కదిలిందన్న సంతోషంలో క్లచ్ వదిలేస్తారు. కదిలిన తర్వాత కూడా ఒక కారు పొడవు దూరం పోయేదాకా పాదం అక్కడే ఉండాలి. ఆ తర్వాత మిగతాది మెల్లగా వదలండి.

కొత్త కారు కొన్నప్పుడు ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడి దగ్గర పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం కదా. అదే ఇప్పుడు మీ వ్యాయామం. ముందు చక్రానికి జానెడు దూరంలో నిమ్మకాయ పెట్టించండి. పెట్టే మనిషి పక్కకి వచ్చేశాకే ఇంజను స్టార్ట్ చేయాలి, మీరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ మీద ఉండాలి. రేజ్ లేకుండా ఆ కాయని నెమ్మదిగా తొక్కి, దాటిన వెంటనే క్లచ్, బ్రేకు తొక్కి ఆపండి. చక్రం కాయ మీదకి ఎక్కుతూ నలిపితే మీ కాలు బాగుంది. కాయ ఎగిరి పక్కకి పడినా, బండి దాన్ని దాటి రెండడుగులు దూకినా క్లచ్ తొందరగా వదిలినట్టే. నేను నేర్పిన నలుగురూ దీన్ని ఇష్టంగా చేశారు, ఎందుకంటే ఫలితం కంటికి కనిపిస్తుంది.

4. రేజ్ కలపడం

ఇప్పుడు కొంచెం రేజ్ ఇవ్వండి. ఇంజను వేగం చూపే మీటరు (ఆర్‌పీఎం) ఉంటే ముల్లు 1500 దగ్గర ఉంటే చాలు. ముందు రేజ్ స్థిరంగా పట్టుకోండి, తర్వాత క్లచ్‌ని పట్టు దాకా తెచ్చి ఆపండి, కదిలాక మిగతాది వదలండి. రెండు కాళ్లూ ఒకేసారి తక్కెడలా ఒకటి పైకి ఒకటి కిందకి ఆడాలని చాలామంది చెబుతారు. కొత్తవాళ్లకి అది గందరగోళం. కుడి కాలు కదలకుండా ఉండి, ఎడమ కాలు మాత్రమే పనిచేస్తే నేర్చుకోవడం తేలిక.

ఇంజను ఊళ్లోవాళ్లందరికీ వినపడేలా అరుస్తోందంటే రేజ్ ఎక్కువ. బండి గుడగుడమంటూ వణుకుతోందంటే రేజ్ తక్కువ, లేదా క్లచ్ తొందర. రెండోదే ఎక్కువసార్లు నిజం.

5. గేర్లు పెంచడం

చిన్న పెట్రోలు కార్లకి సుమారుగా: గంటకి 15 కిలోమీటర్ల దాకా ఫస్ట్, 30 దాకా సెకండ్, 45 దాకా థర్డ్, 60 దాకా ఫోర్త్, ఆపైన ఫిఫ్త్. అంకెలు బట్టీపట్టొద్దు. ఇంజను గొంతు పెరిగి "చాలు" అన్నట్టు వినిపిస్తే పై గేరు.

వరస ఇదీ: రేజ్ వదలండి, క్లచ్ పూర్తిగా తొక్కండి, గేరు మార్చండి, క్లచ్‌ని పట్టు దాకా వేగంగా తెచ్చి అక్కడ అరక్షణం ఆపి వదలండి, రేజ్ ఇవ్వండి. ఫస్ట్ నుంచి సెకండ్‌కి మారేటప్పుడే కుదుపు ఎక్కువ. ఆ రెండు గేర్ల మధ్య తేడా మిగతావాటి కంటే పెద్దది. అక్కడ కాస్త ఎక్కువ ఆగండి. థర్డ్ నుంచి పైకి ఆ ఆగడం దాదాపు అక్కర్లేదు.

కుదుపు వస్తే ఏ తప్పు చేశామో తెలుసుకోవడానికి మీ తలనే చూసుకోండి. క్లచ్ వదలగానే తల ముందుకి వాలితే ఇంజను వేగం మరీ పడిపోయిందన్నమాట. అంటే గేరు మార్చడానికి ఎక్కువసేపు తీసుకున్నారు. కొంచెం త్వరగా మార్చండి, లేదా క్లచ్ వదిలే ముందు రవ్వంత రేజ్ ఇవ్వండి. తల వెనక్కి సీటుకి కొట్టుకుంటే ఇంజను వేగం ఇంకా తగ్గకముందే క్లచ్ వదిలారు, లేదా రేజ్ మీద కాలు ఉంది. ఈ ఒక్క పరీక్ష తెలిస్తే పక్కన ఎవరూ లేకపోయినా మిమ్మల్ని మీరే దిద్దుకోవచ్చు.

6. గేర్లు తగ్గించడం

ముందు బ్రేకుతో వేగం తగ్గించాలి, తర్వాతే గేరు. 50 వేగంలో ఉండి సెకండ్ వేసి క్లచ్ వదిలితే బండి ముక్కు నేలకి గుద్దుకున్నట్టు అవుతుంది, ఇంజనుకీ దెబ్బే. థర్డ్ నుంచి సెకండ్‌కి దిగేటప్పుడు క్లచ్‌ని పట్టు దగ్గర ఒక్క క్షణం ఎక్కువ ఆపండి. అలవాటయ్యాక, క్లచ్ తొక్కి ఉన్నప్పుడే రేజ్‌ని ఒక్కసారి తట్టి వదిలితే ఇంకా సాఫీగా ఉంటుంది. మొదటి రెండు వారాలు దాని జోలికి పోవద్దు, కాళ్లు చిక్కుపడతాయి.

స్పీడ్ బ్రేకర్ దగ్గరికి సెకండ్‌లో రండి. దాదాపు ఆగిపోయినంత వేగం పడిపోతే ఫస్ట్ వేయండి. సెకండ్‌లోనే ఈడ్చుకుని ఎక్కిస్తే బండి వణుకుతుంది, ఒక్కోసారి బ్రేకర్ నెత్తిన ఆగిపోతుంది.

7. ఆపడం

బ్రేకు మెల్లగా మొదలుపెట్టి మధ్యలో గట్టిగా, చివర్లో మళ్లీ మెల్లగా. పూర్తిగా ఆగే ముందు, ఇంజను వణకబోతుంటే క్లచ్ తొక్కండి. చాలామంది చాలా ముందే క్లచ్ తొక్కేసి బండిని దొర్లిస్తారు, అది మానండి. చక్రాలు ఆగడానికి అరక్షణం ముందు బ్రేకుని రవ్వంత వదలండి. అప్పుడు తల వంచి నమస్కారం పెట్టినట్టు బండి ముందుకి వాలదు. దూరం తక్కువుంటే మాత్రం సాఫీ మర్చిపోండి, గట్టిగా తొక్కి ఆపండి.

8. అప్‌లో ఆగి కదలడం

ఎక్కువమంది అడిగేది ఇదే. సిగ్నల్ పడింది, వెనక ఆర్టీసీ బస్సు ఆనుకుని ఉంది, మీరు అప్‌లో ఉన్నారు. గుండె దడ.

మొదట మీ వీధి చివర చిన్న అప్ ఏదైనా చూసుకోండి, వెనక ఎవరూ లేకుండా. అక్కడ పదిసార్లు వచ్చాక, పొద్దున్నే పాండురంగాపురం అప్. రెండూ కాకముందు ట్రాఫిక్‌లో అప్‌కి పోవద్దు.

హ్యాండ్ బ్రేక్ పద్ధతి:

హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగండి. రాడ్డు చివర బటన్ నొక్కి ఉంచండి, కానీ రాడ్డు దించకండి. క్లచ్ తొక్కి ఫస్ట్. సమతలంలో ఇచ్చినదాని కంటే కొంచెం ఎక్కువ రేజ్, 2000 దగ్గర్లో. క్లచ్‌ని పట్టు దాకా తెండి. బండి వెనక భాగం కొంచెం కుంగుతుంది, బానెట్ లేస్తుంది, బండి కట్టేసిన గిత్తలా ముందుకి లాగుతుంది. ఆ లాగుడు స్పష్టంగా తెలిసే దాకా హ్యాండ్ బ్రేక్ దించొద్దు. తెలిశాక మెల్లగా దించండి, బండి వెనక్కి అంగుళం కూడా పోకుండా ముందుకి పోతుంది. కదిలాకే మిగతా క్లచ్ వదలండి.

దించగానే వెనక్కి జారితే పట్టు రాకముందే దించారు. అప్పుడు కంగారుపడి క్లచ్ వదలొద్దు, బండి ఆగిపోయి ఇంకా జారుతుంది. కుడి కాలితో బ్రేకు, హ్యాండ్ బ్రేక్ లాగడం, మళ్లీ మొదటి నుంచి.

కాలి బ్రేకు పద్ధతి కూడా ఉంది: బ్రేకు తొక్కి ఉంచి క్లచ్‌ని పట్టు దాకా తెచ్చి, గొంతు మారగానే బ్రేకు నుంచి రేజ్‌కి కాలు మార్చడం. చిన్న అప్‌లకి, డీజిల్ కార్లకి ఇది చాలు. కొన్ని కార్లలో హిల్ హోల్డ్ ఉంటుంది, బ్రేకు వదిలాక రెండు సెకన్ల పాటు బండిని పట్టి ఉంచుతుంది. ఉంటే మంచిదే, కానీ దాని మీదే నేర్చుకోవద్దు. రేపు స్నేహితుల కారు నడపాల్సి వస్తే అందులో ఉండకపోవచ్చు.

ఒక హెచ్చరిక. అప్‌లో ఆగి ఉన్నంతసేపూ బ్రేకు లేకుండా క్లచ్, రేజ్‌లతోనే బండిని నిలబెట్టడం గొప్ప నైపుణ్యంలా కనిపిస్తుంది. క్లచ్ ప్లేటు అరిగిపోయేది ఇలాగే. ఏదో మాడిన వాసన వస్తే పక్కకి తీసి, న్యూట్రల్‌లో పెట్టి, పావుగంట ఆగండి.

9. ట్రాఫిక్‌లో పాకడం

ఎన్ఏడీ, జగదాంబ, మద్దిలపాలెం వైపు సాయంత్రం బండి అంగుళం అంగుళం కదులుతుంది. ముందు కారు కదిలిన ప్రతిసారీ మీరు కదలక్కర్లేదు. ఒక కారు పొడవు ఖాళీ ఏర్పడే దాకా ఆగి, ఒకేసారి ఫస్ట్‌లో వెళ్లి ఆగండి. ఆ ఖాళీలో ఒక స్కూటరు దూరుతుంది. దూరనివ్వండి. ఆగినప్పుడు న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ వదిలేయండి, ఎడమ కాలికి విశ్రాంతి. అరగంట క్లచ్ మీదే ఉన్న కాలు వణుకుతుంది, వణికే కాలితో సాఫీగా వదలడం ఎవరి వల్లా కాదు.

10. డౌన్ దిగడం, ఘాట్ రోడ్లు

కైలాసగిరి, సింహాచలం కొండ, ఆ తర్వాత శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాట్. ఈ వరసలోనే వెళ్లండి. సింహాచలానికి చందనోత్సవం, గిరి ప్రదక్షిణ రోజుల్లో మాత్రం నేర్చుకోవడానికి పోవద్దు.

దిగడానికి ముందే గేరు తగ్గించండి. ఎక్కడానికి ఏ గేరు పట్టిందో దిగడానికీ అదే గేరు. ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది, బ్రేకు అప్పుడప్పుడు తొక్కితే చాలు. పొద్దస్తమానం బ్రేకు మీద కాలుంచితే అది వేడెక్కి పట్టు కోల్పోతుంది. న్యూట్రల్‌లో దొర్లించి పెట్రోలు మిగిల్చుకోవాలని అనుకోవద్దు, ఇంజను ఆపడం అసలే వద్దు. ఇంజను ఆగితే బ్రేకు రాయిలా గట్టిపడుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, తాళం తీస్తే స్టీరింగ్ లాక్ కూడా పడొచ్చు. ఇరుకు మలుపులో ఎదురుగా ఎక్కే బండి వస్తే దారి దానికే ఇవ్వండి. ఆగి మళ్లీ కదలడం ఎంత కష్టమో మీకు ఇప్పుడు తెలుసు కదా.

తరచూ చేసే తప్పులు

క్లచ్ మీద కాలు ఆనించి నడపడం అన్నిటికంటే ఖరీదైన అలవాటు. గేరు మార్చిన వెంటనే పాదం పక్కనున్న ఖాళీ చోట పెట్టాలి. నడిపేటప్పుడు పక్కనున్నవాళ్లని "నా ఎడమ కాలు ఎక్కడుంది?" అని అప్పుడప్పుడు అడగండి.

గేరు రాడ్డు వైపు చూడటం. ఒకటో మెట్టు సరిగా చేస్తే అవసరం రాదు.

పెద్ద గేరులో చిన్న వేగం. ఫోర్త్‌లో 25తో పోతూ రేజ్ తొక్కితే ఇంజను గుడగుడమంటుంది. గేరు తగ్గించండి.

రివర్స్‌లో రేజ్ ఇవ్వడం. సమతలంలో రివర్స్‌కి క్లచ్ చాలు, మూడో మెట్టులో చేసిందే వెనక్కి చేయడం. కంగారులో రేజ్ తొక్కితే గోడకో, ఎవరికో తగిలాకే ఆగుతుంది.

వచ్చిందో లేదో చూసుకోవడం

వెనక సీట్లో కూర్చున్నవారిని తమ కళ్లు మూసుకుని, మీరు ఎన్నిసార్లు గేరు మార్చారో లెక్కపెట్టమనండి. ఇంజను చప్పుడు బట్టి కాదు, ఒంటికి తెలిసిన కుదుపు బట్టి. పది మార్పుల్లో రెండు మూడే లెక్కకొస్తే బాగా వచ్చినట్టు. కప్పు పెట్టుకునే చోట గ్లాసులో ముప్పావు వంతు నీళ్లు పోసి వీధి చుట్టూ తిరిగి రండి. ఏ క్షణంలో ఒలికాయో పక్కవారు గుర్తుపెట్టుకుంటే ఏ మెట్టు మళ్లీ చేయాలో తెలుస్తుంది. కదిలేటప్పుడు ఒలికితే మూడోది, ఆగేటప్పుడు ఒలికితే ఏడోది. నీళ్ల వైపు మీరు మాత్రం చూడొద్దు.

ఎంత ప్రయత్నించినా కుదుపు పోకపోతే తప్పు మీది కాకపోవచ్చు. ఖాళీ చోట హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, థర్డ్ గేరు వేసి, కుడి కాలు బ్రేకు మీద సిద్ధంగా ఉంచి, క్లచ్ మెల్లగా వదలండి. ఇంజను వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా నడుస్తూనే ఉంటే క్లచ్ ప్లేటు అరిగింది, మెకానిక్‌కి చూపించండి. ఈ పరీక్ష ఒక్కసారే చేయండి, పదేపదే చేస్తే బాగున్న క్లచ్ కూడా పాడవుతుంది. సెకండ్ హ్యాండ్ కారు కొనేముందు కూడా ఇలా చూసుకోవచ్చు.

వేరే కారు ఎక్కినప్పుడు ఏం చేయాలని కూడా అడుగుతుంటారు. ప్రతి కారులో పట్టు వేరే ఎత్తులో ఉంటుంది. కొన్నింట్లో నేలకి దగ్గర, క్లచ్ బాగా అరిగినవాటిలో పైన చివర్లో. ఎన్నేళ్ల అనుభవం ఉన్నా, బయల్దేరే ముందు గేటు దగ్గరే రెండో మెట్టు నాలుగైదుసార్లు చేయండి. నేను ఇప్పటికీ చేస్తాను. అప్పుడే వీధిలోకి తీస్తాను.